ఏమీ లేదని రాయండి సార్



శంషాబాద్‌లో క్లినిక్ నడిపే డాక్టరుకు ఏడాదిలో రెండు సీజన్లు. వానలు పడ్డాక జ్వరాల సీజను, ఎండలు ముదిరే ముందు వీసాల సీజను. మొదటిదానికి రక్తపరీక్ష, పారాసిటమాల్, నాలుగు మంచి మాటలు చాలు. రెండోదానికి లెటర్‌హెడ్, స్టాంపు, కొంచెం గుండెధైర్యం కావాలి.

2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికి వచ్చాయి. అప్పటిదాకా ఇది బెంగళూరు రోడ్డు మీద ఒక మండల కేంద్రం. మామిడిపల్లి, గొల్లపల్లి, రాళ్లగూడ, సాతంరాయి నుంచి జనం సంతకు వచ్చినట్టే డాక్టరు దగ్గరికీ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఇళ్లలోనే ఒక కొడుకు డాలస్‌లో ఉంటాడు, ఒక కూతురు టొరంటోలో ఉంటుంది. కాన్పుకనో గృహప్రవేశానికనో అమ్మానాన్నలు ఆరు నెలలు అక్కడికి వెళ్లివస్తారు. టికెట్టు, వీసా, పచ్చళ్ల ప్యాకింగు అన్నీ అయ్యాక, చివర్లో ఎవరికో గుర్తొస్తుంది: ఇన్సూరెన్సు వాళ్లు డాక్టరు లెటర్ అడిగారు కదా అని.

నా బల్ల మీదకు వచ్చే కాగితాలు అన్నీ ఒకటే అనుకుంటారు గాని, కాదు. విమానం కంపెనీ అడిగేది ఒకటి. ఈ మధ్యే గుండెపోటు వచ్చినా, ఆపరేషన్ అయినా, దారిలో ఆక్సిజన్ కావాలన్నా వాళ్లదే ఒక ఫారం ఉంటుంది, చూసే డాక్టరు నింపాలి. గర్భిణులకు దాదాపు 28 వారాలు దాటితే చాలా విమానయాన సంస్థలు లెటర్ అడుగుతాయి, 36 వారాలు దాటితే ఎక్కించుకోవు. ఇది సులువైన పని. ఆ మనిషి ఆ రోజుకు ఆ ప్రయాణం తట్టుకోగలదా అన్నదే ప్రశ్న. విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీది గాలంత పలుచగా ఉంటుంది. ఊపిరితిత్తులు, గుండె, రక్తం శాతం చూసి చెప్పేయొచ్చు.

గల్ఫ్ వెళ్లే కార్మికుల సంగతి వేరు. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, నిజామాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి ఇక్కడ విమానం ఎక్కేవాళ్లకు ఫ్యామిలీ డాక్టరు లెటరుతో పని పడేది తక్కువ. ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావలసినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. 2003లో మొదలైన పథకం అది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 ప్రీమియం, ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా పది లక్షలు. ఆ పాలసీ కాగితం ఒక కాపీ ఇంట్లో భార్య చేతిలో పెట్టి వెళ్లమని మాత్రం కనిపించిన ప్రతివాడికీ చెబుతుంటాను. దుబాయిలో గదిలో ఉన్న పెట్టెలో అది ఉంటే ఇక్కడివాళ్లకు ఏం లాభం?

అసలు చిక్కంతా మూడో కాగితంతో. ప్రయాణ బీమా కోసం పేషెంటు ఆరోగ్య చరిత్ర రాసివ్వడం. ఈ రోజు మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఒక పెద్దమ్మను ఊహించుకోండి. అరవయ్యారేళ్లు. చీరల షాపు కవరు నిండా చీటీలు. పసుపు మరక అంటిన ల్యాబు రిపోర్టు, వెనకవైపు కిరాణా లెక్క రాసిన మందుల చీటీ, మధ్యలో ఎక్స్‌రే. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్ మందు, రక్తం పలుచనవడానికి చిన్న ఆస్ప్రిన్ బిళ్ల. పక్కన మనవడు ఫోను పట్టుకుని ఉంటాడు, అందులో అమెరికా నుంచి కొడుకు.

"సార్, అమ్మకు ఏమీ లేదని రాసివ్వండి. షుగరు రాస్తే ప్రీమియం పెరుగుతుందట, ఏజెంటు చెప్పాడు."

పెద్దమ్మ కూడా అందుకుంటుంది: "జర మంచిగ రాయి సారూ. నాకేమైతది? పొద్దుగాల లేచి రెండు బిందెలు మోస్త."

ఆమె అన్నది అబద్ధం కాదు. రెండు బిందెలు మోసే మనిషి విమానంలో పద్దెనిమిది గంటలు కూర్చోగలదు. "ఈమె ప్రయాణం చేయగలదు" అని నేను నిమిషంలో రాసిస్తాను. కానీ "ఈమెకు ఏ జబ్బూ లేదు" అన్నది ఇంకో మాట. షుగరు ఉండి, అదుపులో ఉండి, హాయిగా తిరిగి వచ్చినవాళ్లు వేలమంది. ఆ రెండు వాక్యాలనూ ఒకటి చేయమని అడగడంలోనే తిరకాసు ఉంది. ఏజెంటు అక్కడికక్కడ పాలసీ అమ్ముకుని వెళ్లిపోతాడు. నెల తరువాత అర్ధరాత్రి ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడు ఆ సంతకం కింద ఉండేది నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు. దానికన్నా ముఖ్యం, క్లెయిము పోయేది ఆ కొడుకుకు.

ఎలా పోతుందో చెబుతాను. విదేశంలో ఆసుపత్రిలో చేరగానే అక్కడి డాక్టరు మొదట అడిగేది మీరు వాడే మందులేమిటని. అడగాలి, లేకపోతే వైద్యమే జరగదు. పెద్దమ్మ సంచిలోంచి బిళ్లలన్నీ తీసి బల్ల మీద పోస్తుంది. అది వాళ్ల కంప్యూటరులోకి ఎక్కుతుంది. బీమా కంపెనీ ఆ రికార్డు తెప్పించుకుంటుంది, ఆ తరువాత ఇక్కడి డాక్టరుకు ఉత్తరం రాస్తుంది: ఈమె గత మూడేళ్ల, అయిదేళ్ల వైద్య వివరాలు పంపండి అని. దాచింది దాగే చోటే లేదు.

చెబితే మాత్రం కంపెనీలు ఇస్తాయా అని మీరు అడగవచ్చు. దీని మీద మన సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఒకటుంది. మన్‌మోహన్ నందా అనే ఆయన 2009లో బంధువుల పెళ్లికి అమెరికా వెళ్తూ యునైటెడ్ ఇండియా కంపెనీ దగ్గర విదేశీ ప్రయాణానికి మెడిక్లెయిమ్ పాలసీ తీసుకున్నారు. తనకు షుగరు ఉందని చెప్పారు. పాలసీకి ముందు జరిగిన వైద్య పరీక్షలోనూ ఆ సంగతి రాసే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగీ దిగగానే నీరసం, చెమటలు. ఆసుపత్రిలో చేర్చారు, మూడు స్టెంట్లు పడ్డాయి. పాత జబ్బు వల్ల వచ్చిందని, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మందు సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిము కొట్టేసింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఆయన ఓడిపోయారు. సుప్రీంకోర్టులో గెలిచారు. షుగరు ఉందని తెలిసి, మనిషి ఆరోగ్యాన్ని అంచనా వేసుకుని పాలసీ ఇచ్చాక, అదే జబ్బు పేరు చెప్పి తప్పించుకోవడానికి వీల్లేదని కోర్టు తేల్చింది.

అదే కోర్టు 2009లో సత్వంత్ కౌర్ సంధూ కేసులో కంపెనీ వైపు తీర్పు ఇచ్చింది. అక్కడ పాలసీదారుకు షుగరు, కిడ్నీ జబ్బు రెండూ ఉన్నాయి, ప్రతిపాదన ఫారంలో ఆరోగ్యం బాగుందని రాశారు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఫోనులో ఉన్న కొడుకు సాధారణంగా ఇంకేమీ అడగడు. నందా గారిని కాపాడింది చెప్పిన మాట. పన్నెండేళ్లు పట్టింది, నిజమే. ఆ జాప్యం గురించి చెప్పాలంటే ఇంకో ప్రసంగం కావాలి.

ఆ కేసులో నన్ను ఆకట్టుకున్నది స్టాటిన్ గొడవ. డాక్టర్లం చీటీ మీద మందు పేరు రాస్తాం, ఎందుకిచ్చామో రాయం. షుగరు ఉన్న నలభై దాటిన మనిషికి కొలెస్ట్రాల్ పెద్దగా లేకపోయినా గుండెకు ముందుజాగ్రత్తగా స్టాటిన్ ఇవ్వడం మామూలు. చీటీ చదివే కంపెనీ గుమస్తాకు ఆ సంగతి ఏం తెలుసు? ఆస్ప్రిన్, స్టాటిన్ రెండూ కనిపిస్తే గుండెజబ్బు ఉన్నట్టే లెక్క వేసుకుంటాడు. అందుకే ప్రయాణం లెటరులో ప్రతి మందు పక్కన ఒక ముక్క రాస్తాను: ఫలానాది బీపీకి, ఫలానాది ముందుజాగ్రత్తకు, గుండెపోటు ఇంతవరకూ రాలేదు, ఈసీజీ ఫలానా తేదీన తీశాం. ఆ నాలుగు ముక్కలు రాయడానికి అయిదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. తోటి డాక్టర్లెవరైనా వింటుంటే, దయచేసి ఆ అయిదు నిమిషాలు పెట్టండి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ కొంపలు ముంచే వాక్యం ఒకటుంది. "ఎన్నేళ్ల నుంచి?"

అర్ధరాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు హడావుడిగా అడుగుతాడు, బీపీ ఎన్నేళ్ల నుంచి అని. పేషెంటు మాట్లాడే స్థితిలో ఉండడు. పక్కనున్న బావమరిదో పొరుగాయనో "ఉంటది సార్, పది పదిహేనేండ్ల సంది" అంటాడు. ఆయనకు తెలియదు, పెద్దరికంగా చెప్పాలి కాబట్టి చెప్పాడు. కేస్ షీటు మీద "15 ఏళ్లుగా బీపీ" అని పడుతుంది. డిశ్చార్జి సమ్మరీలోకి అదే పాకుతుంది. విదేశంలోనైతే మధ్యలో దుబాసీ ఒకడు, లేదా ఇంగ్లీషు తడబడే భర్త. ఆ ఒక్క అంకె మీద లక్షల డాలర్ల బిల్లు నిలబడుతుంది. అప్పుడు శంషాబాద్‌కు ఫోను వస్తుంది: "సార్, మీ దగ్గరికి రెండేళ్ల కిందే వచ్చిందని రాసివ్వండి."

రెండేళ్ల కిందే వచ్చి ఉంటే, నా రిజిస్టరులో ఆ తేదీ ఉంటే, తప్పకుండా రాసిస్తాను. అది నా బాధ్యత కూడా. రిజిస్టరులో ఆరేళ్ల కిందటి తేదీ ఉంటే ఆరేళ్లనే రాస్తాను. పాత తేదీ వేసి కొత్త చీటీ ఇమ్మని కొందరు అడుగుతారు, స్నేహం పేరు చెప్పి, కులం పేరు చెప్పి, ఒక్కోసారి నోటు మడిచి పెట్టి. భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళి ఈ విషయంలో నీళ్లు నమలదు. అబద్ధపు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన డాక్టరు పేరును రిజిస్టరు నుంచే కొట్టేయవచ్చు. ఇచ్చిన ప్రతి మెడికల్ సర్టిఫికెట్‌కూ ఒక రిజిస్టరు పెట్టాలి, పేషెంటు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, పుట్టుమచ్చ లాంటి గుర్తు ఒకటి రాయాలి, కాపీ దాచుకోవాలి. పుట్టుమచ్చ ఎక్కడుందని అడిగితే నవ్వుకునే పెద్దవాళ్లున్నారు. నవ్వుకున్నా చూపించాల్సిందే.

ఆ నియమావళే మరో మాటా చెబుతుంది. ఆసుపత్రిలో చేరిన పేషెంటు రికార్డులు మూడేళ్లు దాచాలి, పేషెంటు గాని ఆయన అధికారం ఇచ్చినవాళ్లు గాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లు ఈ 72 గంటల సంగతి గుర్తుంచుకోండి, కాగితం మీద రాసి అడగండి. కానీ మూడేళ్ల నియమం ఆసుపత్రిలో చేరినవాళ్ల గురించే. క్లినిక్‌కు వచ్చి చీటీ రాయించుకుని వెళ్లేవాళ్ల చరిత్ర ఎక్కడుంది? మీ ఇంట్లో, ఆ చీరల షాపు కవరులో. బ్రిటన్‌లో ఫ్యామిలీ డాక్టరు దగ్గర పుట్టినప్పటి నుంచి రికార్డు ఉంటుంది. మన దగ్గర రికార్డుగది అల్మారా పైఅర. అందుకే పెళ్లి ఆల్బం దాచుకున్నట్టు ఆ కవరును దాచుకోండి. షుగరు మొదటిసారి బయటపడిన ల్యాబు రిపోర్టు మాత్రం పొరపాటున కూడా పారేయొద్దు. "ఎన్నేళ్ల నుంచి" అన్న ప్రశ్నకు అంతకన్నా గట్టి జవాబు లేదు.

ఇప్పుడు బీమా కంపెనీ తరఫున వచ్చే మనిషి గురించి. బైకు మీద వస్తాడు, హెల్మెట్ చంకలో, మెడలో గుర్తింపు కార్డు. మర్యాదగానే మాట్లాడతాడు. రద్దీ సమయంలో వస్తాడు, అప్పుడు డాక్టరు తొందరలో ఉంటాడని తెలుసు. ముందే తయారుచేసుకున్న ఫారం తీస్తాడు. జబ్బు మొదట బయటపడిన తేదీ, మీ దగ్గరికి మొదట వచ్చిన తేదీ, మద్యం అలవాటు, పొగ అలవాటు. "రెండు టిక్కులు సార్, సంతకం పెట్టేయండి."

ఆ టిక్కులు నేను పెట్టను. పేషెంటు రహస్యాలు బయటపెట్టకూడదని అదే నియమావళి చెబుతుంది. కోర్టు ఉత్తర్వు, ఎవరికైనా ప్రమాదం ఉండటం, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన అంటువ్యాధి, ఇలాంటి కొన్ని సందర్భాలు మినహాయింపు. బీమా కంపెనీ గుర్తింపు కార్డు అందులో లేదు. పేషెంటు సంతకం చేసిన అనుమతి పత్రం కావాలి. పాలసీ తీసుకున్న రోజు మీరు నొక్కిన "అంగీకరిస్తున్నాను" అన్న బటను కింద ఆ అనుమతి ఉండే ఉంటుందని వాళ్లు వాదిస్తారు, ఒక్కోసారి అది నిజం కూడా. అయినా ఇంటికి ఫోను చేసి, ఇలా అడుగుతున్నారు, పంపమంటారా అని కనుక్కోవడం డాక్టరు పని. పంపేటప్పుడు అడిగిన దానికి మాత్రమే జవాబు. మోకాలు విరిగిన క్లెయిముకు ఆమెకు ఎప్పుడో అయిన గర్భస్రావం సంగతి ఎందుకు?

ఆ ఫారంలో రెండు తేదీలున్నాయి, గమనించారా? రెండోది, అంటే నా దగ్గరికి మొదట వచ్చిన తేదీ, నేను నా కళ్లతో చూసింది. మొదటిది నేను విన్నది. విన్నదాని పక్కన "పేషెంటు చెప్పిన ప్రకారం" అని రాయాలి. ఆ మూడు మాటలు లేని ఫారం వల్ల ఇటు పేషెంటుకూ అటు కంపెనీకీ అన్యాయం జరుగుతుంది.

బ్రిటన్‌లో 1988లోనే దీనికి ఒక చట్టం చేశారు. బీమా కోసమో ఉద్యోగం కోసమో డాక్టరు రాసే రిపోర్టును పంపకముందే చూసుకునే హక్కు పేషెంటుకు ఉంది, దానికి 21 రోజుల గడువు. తప్పు కనిపిస్తే సరిదిద్దమని అడగవచ్చు. అక్కడ ఫ్యామిలీ డాక్టర్లుగా పనిచేసే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లకిది రోజువారీ పని. ప్రయాణ బీమా రిపోర్టు ప్రభుత్వ వైద్యసేవలో భాగం కాదు కాబట్టి ఫీజు కూడా తీసుకుంటారు. మనం చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. కంపెనీకి పంపే ప్రతి కాగితం కాపీ పేషెంటు చేతిలో పెడితే సగం తగాదాలు పుట్టవు. ఫీజు మాటకొస్తే, లెటరంటే ఉచితమని చాలామంది అనుకుంటారు. పాత రిజిస్టర్లు వెతికి, తేదీలు సరిచూసి రాయడానికి అరగంట పడుతుంది. ఫీజు తీసుకోవడంలో తప్పులేదు, ముందే చెప్పాలి, అంతే.

దేశాన్ని బట్టి అడిగేవి మారతాయి. యూరప్‌లో షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. కెనడా సూపర్ వీసాకు కనీసం లక్ష కెనడా డాలర్లు, ఏడాది గడువుతో. అమెరికా విజిటర్ వీసాకు బీమా అడగరు, అందుకే చాలామంది ఏదీ లేకుండానే వెళ్తారు, వైద్యం అన్నిటికన్నా ఖరీదైన దేశానికి! అమెరికా విజిటర్ ప్లాన్లలో చాలావాటికి పాత జబ్బులు వర్తించవు. హఠాత్తుగా ముదిరితే మాత్రం ఇస్తామని కొన్ని అంటాయి, దానికి వయసు పరిమితి, గంటల లెక్కన గడువు పెడతాయి. కెనడా పాలసీల్లో కొన్నిటికి జబ్బు "నిలకడగా" ఉండాలి, అంటే బయలుదేరే ముందు కొన్ని నెలలపాటు మందు మారకూడదు, మోతాదు మారకూడదు.

ఇక్కడ డాక్టరుకు ఇబ్బంది ఎదురవుతుంది. ప్రయాణం పదిహేను రోజుల్లో ఉంది, బీపీ 170 చూపిస్తోంది. మందు పెంచితే పాలసీ చెల్లకపోవచ్చు. పెంచకపోతే నరం తెగవచ్చు. నేను మందే పెంచుతాను, పాలసీ సంగతి తరువాత చూసుకోమంటాను. కుటుంబం విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి. మారిన మోతాదు, తేదీ లెటరులో రాసి, అది కంపెనీకి బయలుదేరకముందే తెలియజేయమంటాను. అవసరమైతే టికెట్టు తేదీ మార్చుకోవచ్చు.

క్లెయిము అన్యాయంగా తోసేశారనిపిస్తే ఏం చేయాలి? మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఏడాదిలోగా వెళ్లాలి. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. దేశం మొత్తానికి బీమా నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అంత దూరమేం కాదు. ఒక్క మాట మాత్రం మరిచిపోకండి: ఈ అంబుడ్స్‌మన్ అధికారం మన దేశపు కంపెనీల మీదే. కొడుకు అక్కడి వెబ్‌సైటులో కొన్న అమెరికా కంపెనీ పాలసీ గురించి ఇక్కడ ఫిర్యాదు చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పాలసీ కొనేటప్పుడు ఈ తేడా కూడా లెక్కలోకి తీసుకోండి, డాలర్లలో తక్కువ ధర ఒక్కటే చూడకండి.

కాబట్టి వేసవికి అమెరికా ప్రయాణం పెట్టుకున్న అమ్మానాన్నలకు, వాళ్ల పిల్లలకు ఒక విన్నపం. టికెట్టు బుక్ చేసిన వారంలోనే మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. చీటీల కవరు మొత్తం పట్టుకెళ్లండి, పాలసీ ఫారం కూడా. వాడే మందుల పేర్లు, ఎందుకు వాడుతున్నారో ఇంగ్లీషులో రాయించుకుని, ఒక కాపీ చేతిసంచిలో, ఒకటి పిల్లల ఫోనులో పెట్టుకోండి. విమానం రాత్రికి ఉండగా సాయంత్రం క్లినిక్ ముందు కారు ఆపి లెటర్ అడగకండి. అంత తొందరలో రాసిన లెటరు మీకు ఏ క్లెయిములోనూ అక్కరకు రాదు.